'ది వీల్ ఆఫ్ టైమ్' చివరి పేజీ దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి అల్మరాలో రాబర్ట్ జోర్డాన్ మొదలుపెట్టిన ఇంగ్లీషు ఫాంటసీ నవలల సిరీస్ 'ది వీల్ ఆఫ్ టైమ్' పద్నాలుగు పుస్తకాలూ వరసగా ఉంటాయి. ఇంటికొచ్చినవాళ్లు అక్కడ ఆగి రెండు మూడు ప్రశ్నలు అడక్కుండా వెళ్లరు. వాళ్లలో కొందరు నిజంగానే మొదలుపెడతారు. నాలుగో పుస్తకం దగ్గర సంబరంగా ఒకసారి, ఎనిమిదో పుస్తకం దగ్గర నీరసంగా ఇంకోసారి ఫోన్ చేస్తారు. ప్రతిసారీ అవే సందేహాలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కథలో మలుపులేవీ బయటపెట్టలేదు. మీరు ఎక్కడున్నారో ఆ భాగానికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

అసలు ఎన్ని పుస్తకాలు? అంత పెద్దవా?

ప్రధాన కథ 14 సంపుటాలు. అంతకుముందు జరిగిన కథగా 'న్యూ స్ప్రింగ్' అని చిన్న పుస్తకం ఇంకొకటి ఉంది. మొదటిది 'ది ఐ ఆఫ్ ది వరల్డ్' 1990 జనవరిలో వచ్చింది, చివరిది 'ఎ మెమరీ ఆఫ్ లైట్' 2013 జనవరిలో. అన్నీ కలిపితే సుమారు 44 లక్షల మాటలు. చిన్న సైజు పేపర్‌బ్యాకుల్లో 12 వేల పేజీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇరవై మూడేళ్ల పాటు వెలువడిన ఈ కథ లోపల గడిచేది మాత్రం రెండేళ్ల పైచిలుకు కాలమే.

రోజుకి ఎంత చదివితే ఎన్నాళ్లకి అయిపోతుంది?

రోజుకి 20 పేజీలు చదివితే ఇరవై నెలలు. నాకు రెండేళ్ల మూడు నెలలు పట్టింది. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కినప్పుడు కొంచెం, రాత్రి అన్నం తిన్నాక కొంచెం, అంతే. సెలవుల్లో ఒకేసారి మూడు వందల పేజీలు లాగేద్దాం అనుకునేవాళ్లు మూడో పుస్తకం దగ్గరే అలిసిపోవడం చూశాను. రోజూ పాలు తోడేసినట్టు కాస్త కాస్త చదివినవాళ్లే చివరిదాకా వచ్చారు. ఇంతకన్నా పెద్ద రహస్యం నా దగ్గర లేదు.

ఎక్కడిదాకా చదివి 'ఇది నాకు నచ్చదు' అని తేల్చుకోవచ్చు?

నాలుగో పుస్తకం సగం దాకా. అది చాలా దూరం అనిపిస్తే కనీసం రెండో పుస్తకం చివరిదాకా వెళ్లండి. మొదటి పుస్తకం కావాలనే పాత దారిలో నడుస్తుంది. ఒక పల్లె, అక్కడి కుర్రాళ్లు, వాళ్లని వెతుక్కుంటూ వచ్చే చీకటి, ఊరు వదిలి పరుగు. రచయిత తన సొంత లోకాన్ని పూర్తిగా తెరిచేది ఆ తర్వాతే. మొదటి వంద పేజీలు చూసి ఇచ్చే తీర్పు ఈ సిరీస్‌కి న్యాయం కాదు.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. చదవగలనా?

చదవగలరు. రాబర్ట్ జోర్డాన్ వాక్యం పొడుగ్గా ఉంటుంది కానీ మెలికలు ఉండవు. కష్టమంతా వస్తువుల పేర్లతోనే: బట్టల మీది కుట్టుపని, గుర్రాల రంగులు, సత్రాల్లోని సామాను, కవచాల భాగాలు. అవే మాటలు పద్నాలుగు పుస్తకాల్లోనూ తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి మొదటి ఐదారు వందల పేజీల్లో డిక్షనరీ చూసిన కష్టం తర్వాత మొత్తానికీ పనికొస్తుంది. ప్రతి మాటకీ ఆగకండి, పేజీకి ఒకటో రెండో చాలు. మా చెల్లి ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మూడో పుస్తకానికల్లా డిక్షనరీ పక్కన పెట్టేసింది.

'న్యూ స్ప్రింగ్' ముందు జరిగిన కథ కదా, ముందు అదే చదవనా?

వద్దు. అది 2004లో, పదో పుస్తకం తర్వాత వచ్చింది. పాఠకుడికి ఈ లోకం బాగా తెలుసు అనుకునే రాశారు. ముందే చదివితే మొయిరేన్ అనే ముఖ్య పాత్ర ఎవరు, ఆమె మనసులో ఏముంది అన్న కుతూహలం మొదటి పుస్తకంలో చచ్చిపోతుంది. పదోది పూర్తయ్యాక చదవండి. బరువైన పుస్తకం తర్వాత చిన్నగా, చురుగ్గా సాగే కథ చేతికొస్తే ప్రాణం లేచొస్తుంది.

ఇందులో మన పురాణాల ఛాయలు ఉన్నాయంటారు, నిజమేనా?

పేరులోనే ఉంది, కాలచక్రం. ఈ చక్రానికి ఏడు ఆకులు, ఒక్కో ఆకు ఒక్కో యుగం. మనకి నాలుగు యుగాలు, వీళ్లకి ఏడు. ఒక యుగం పోయి, జ్ఞాపకమై, గాథై, చివరికి ఆ గాథ కూడా మరుగున పడ్డాక మళ్లీ అదే యుగం తిరిగొస్తుంది. మనుషులు మళ్లీ పుడతారు, వీరులు అవసరమైనప్పుడు మళ్లీ వస్తారు. ఆ చక్రం కాలాన్ని నేస్తుంది, మనుషుల జీవితాలే అందులో పోగులు. కొందరి పోగు చుట్టూ మిగతా పోగులన్నీ వంగుతాయి. మగ్గం చూసినవాళ్లకి, పడుగూ పేకా తెలిసినవాళ్లకి ఈ ఊహ చెప్పకుండానే అర్థమవుతుంది. అలాగని ఇది మన కథ కాదు. నార్స్ గాథలు, ఆర్థర్ రాజు కథలు, క్రైస్తవం, తూర్పు దేశాల యిన్-యాంగ్ భావన అన్నీ కలిపి నేసిన బట్ట ఇది. కానీ పునర్జన్మ అనే మాట దగ్గర పాశ్చాత్య పాఠకుడు ఆగి ఆలోచించాల్సి వస్తుంది, మనం ఆగక్కర్లేదు.

టీవీ సిరీస్ చూశాను. మిగతా కథ పుస్తకాల్లో ఎక్కణ్ణుంచి చదవాలి?

మొదటి పేజీ నుంచి. 2021లో మొదలైన ఆ సిరీస్ మూడు సీజన్లతో 2025లో ఆగిపోయింది. మూడో సీజన్ ఎక్కువగా నాలుగో పుస్తకం మీద తీసినదే. అయితే పాత్రల గతాలు, సంఘటనల క్రమం చాలాచోట్ల మార్చేశారు. ఐదో పుస్తకం నుంచి అందుకుంటే సగం మంది మీకు తెలియనివాళ్లే అవుతారు.

## ఒకటి నుంచి మూడో పుస్తకం

పేర్లు నోరు తిరగట్లేదు. ఎలా పలకాలి?

ఇక్కడ మన లిపి చేసే మేలు ఇంకేదీ చేయదు. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు చూస్తే ఎలా పలకాలో తెలియదు. ఒక్కసారి తెలుగులో రాసుకుంటే ఇక మర్చిపోరు. నేను నలభై పేజీల రూళ్ల నోటుపుస్తకం కొని, ఎడమవైపు పుస్తకంలో ఉన్నట్టు, కుడివైపు తెలుగులో రాసుకున్నాను. మొదటి పేజీలో ఇలా ఉంటుంది: ఎగ్వేన్, నైనీవ్, మ్వారేన్, స్వాన్, ఐజ్ సెడై, ఐయీల్, కైరియెన్. 'మొయిరేన్' అని నేనూ ఏడాది పాటు పలికాను, అలవాటు కొద్దీ ఇప్పటికీ అలాగే వస్తుంది. 'స్వాన్' అన్న పేరు ఇంగ్లీషులో చూస్తే 'సియువాన్' అనే చదువుతాం. ప్రతి పుస్తకం వెనక ఉండే పదకోశంలో ఉచ్చారణ ఇస్తారు, దాన్ని చూసి మీ నోటుపుస్తకం మీరే తయారు చేసుకోండి.

ఇంతమంది పాత్రల్ని ఎలా గుర్తుపెట్టుకోవాలి?

అందరినీ పెట్టుకోవక్కర్లేదు. పేరున్న పాత్రలే రెండు వేలకు పైగా ఉన్నాయి. పెళ్లికి వెళ్తే పందిట్లో అందరి పేర్లూ తెలుసుకుంటామా? మనకి కావలసినవాళ్లు మళ్లీ మళ్లీ ఎదురవుతారు, వాళ్లే గుర్తుంటారు. మొదటి మూడు పుస్తకాల వరకు రాండ్, మాట్, పెరిన్, ఎగ్వేన్, నైనీవ్, మొయిరేన్, లాన్ చాలు. ఎలేన్, మిన్ కూడా తెలిస్తే ఇంకేం కావాలి. మిగతావాళ్ల కోసం నోటుపుస్తకంలో పేరు, ఊరు, ఎవరి పక్షం అని మూడు మాటలు రాసుకోండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. పేరు మర్చిపోయి ఇంటర్నెట్‌లో వెతకొద్దు. పేరు టైపు చేస్తుండగానే కింద వచ్చే సూచనల్లో 'మరణం' అనో 'పెళ్లి' అనో కనపడిపోతుంది. నా స్నేహితుడికి ఐదో పుస్తకంలో ఉండగా పన్నెండో పుస్తకం సంగతి అలాగే తెలిసింది. చేతిలో ఉన్న పుస్తకం వెనక పదకోశమే చూడండి.

రాండ్ హీరో అన్నారు. మూడో పుస్తకంలో కనపడడేం?

అది పొరపాటు కాదు, కావాలని చేసిందే. 'ది డ్రాగన్ రీబార్న్' అని అతని మీదే పేరు పెట్టి, అతన్ని మాత్రం దూరం నుంచి, అతను దాటిపోయిన ఊళ్లలో మిగిలిన వింతల నుంచి చూపిస్తాడు రచయిత. ఈ పుస్తకం మాట్‌ది, పెరిన్‌ది, అమ్మాయిలది. రాండ్ ఒక్కడి కోసమే చదువుతుంటే ఇక్కడ విసుగొస్తుంది. ఇది ఒక ఊరి పిల్లలందరి కథ అని ఇక్కడే ఒప్పుకుంటే ముందున్న దారి సుఖంగా ఉంటుంది.

నైనీవ్ ఎప్పుడూ జడ లాగుతూనే ఉంటుందేం?

చివరిదాకా లాగుతుంది. ఆడవాళ్లు పావడా సర్దుకోవడం, ముక్కుతో చిన్న శబ్దం చేయడం, మగవాళ్లు ఆడవాళ్లని అర్థం చేసుకోలేం అనుకోవడం కూడా చివరిదాకా ఉంటాయి. ఇది రచయిత లోపమే, సమర్థించను. కానీ నైనీవ్ మొత్తం సిరీస్‌లో ఎంత ఎదుగుతుందో చూశాక నాకు ఆ జడ మీద ప్రేమే పుట్టింది.

## నాలుగు నుంచి ఆరో పుస్తకం

నాలుగో పుస్తకం గురించి అందరూ అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

'ది షాడో రైజింగ్' పద్నాలుగింటిలోకీ లావైన పుస్తకం, నా లెక్కలో అన్నిటికన్నా మంచిది కూడా. అందులో రూయిడియన్ అనే ఎడారి నగరం దగ్గర రెండు అధ్యాయాలు ఉన్నాయి. ఒక జాతి చరిత్రని ముందు నుంచి వెనక్కి, మనవడి నుంచి తాతకి, తాత నుంచి ముత్తాతకి తీసుకెళ్తూ చెబుతాడు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ అంతకుముందు చదివిన ఆచారం ఒక్కోటి ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. తలపాగాతో ముఖం కప్పుకోవడం ఎందుకు, కత్తి ముట్టకపోవడం ఎందుకు అన్న చిన్న చిన్న సంగతులు మూడు పుస్తకాలుగా మన కళ్ల ముందే ఉన్నాయి, మనం పట్టించుకోలేదంతే. నేను ఆ అధ్యాయాలు రాత్రి పదకొండుకి మొదలుపెట్టి పూర్తయ్యాక లైటు ఆర్పకుండా కూర్చున్నాను. అమ్మ లేచొచ్చి "ఏంటి నాన్నా, ఇంకా పడుకోలేదా?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

ఐదో పుస్తకంలో పెరిన్ ఒక్కచోట కూడా రాడేంటి?

రాడు. 'ది ఫైర్స్ ఆఫ్ హెవెన్'లో అతని భాగం లేదు, ఆరో పుస్తకంలో తిరిగొస్తాడు. ఎనిమిదిలో మాట్ కూడా ఇలాగే ఉండడు.

సెకండ్ హ్యాండ్ కొనుక్కోవచ్చా?

తప్పకుండా. పద్నాలుగూ కొత్తవి కొంటే చాలా ఖర్చు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతికితే మధ్య సంపుటాలు తరచుగా దొరుకుతాయి. కొనేముందు రెండు పనులు చేయండి. వెన్ను విరిగిందేమో చూడండి, తర్వాత పేజీ నంబర్లు గబగబా తిప్పండి. నేను కొన్న ఆరో పుస్తకంలో ఒక ఫారం, అంటే కలిపి కుట్టిన పేజీల కట్ట, మొత్తం లేదు. కథ ఒక గుడారంలో ఆగి, పేజీ తిప్పితే ఇంకో నగరంలో తేలింది. 'లార్డ్ ఆఫ్ కేయాస్' చివరి యాభై పేజీలు ఈ సిరీస్ మొత్తంలోనే భయంకరమైన యుద్ధం, పోయింది ఆ భాగమే అయ్యుంటే నా గుండె ఆగేది. పోయిన పేజీల్ని ఒక స్నేహితురాలి కాపీలో చదువుకున్నాను.

## ఏడు నుంచి పదో పుస్తకం

ఏడో పుస్తకం తర్వాత కథ కదలట్లేదు. లోపం నాలో ఉందా?

మీలో లేదు. అభిమానులు దశాబ్దాలుగా ఈ భాగాన్ని 'స్లాగ్' అనే పిలుస్తారు, బురదలో నడకలాంటిదని. ఆరో పుస్తకానికల్లా కథ ఐదారు దారులుగా చీలిపోయింది. ఒక దారిని పది పేజీలు నడిపితే మిగతా ఐదూ ఆగి ఉండాలి. దానికితోడు సింహాసనం కోసం మంతనాలు, స్నానాల గదుల్లో సంభాషణలు, ఒక అపహరణ చుట్టూ తిరిగే కథ రెండు మూడు పుస్తకాల పొడవునా సాగుతాయి.

ఒక ఓదార్పు ఉంది. పుస్తకాలు వస్తున్న రోజుల్లో చదివినవాళ్లకి ఎనిమిదోది 1998లో, తొమ్మిదోది 2000లో, పదోది 2003లో, పదకొండోది 2005లో అందాయి. అన్నేళ్లు ఆగి తెరిస్తే కథ అంగుళం కదిలితే ఎంత కడుపు మండుతుందో ఊహించండి. మనకి ఆ ఎదురుచూపు లేదు. పైగా ఏడు నుంచి పది దాకా నాలుగూ కలిపినా మొత్తం మాటల్లో నాలుగో వంతుకి లోపే, ఎనిమిదోది ప్రధాన సంపుటాల్లో అన్నిటికన్నా చిన్నది కూడా. మహాభారతం చదివినవాళ్లు శాంతిపర్వాన్ని ఎలా దాటారో గుర్తుచేసుకోండి. అక్కడ వేగం వెతకలేదు కదా. ఇక్కడా అంతే, ఈ లోకంలో కాపురం ఉంటున్నాం అనుకుని చదవండి. తొమ్మిదో పుస్తకం చివరి అధ్యాయం ఆ ఓపికకి దక్కే పెద్ద బహుమతి.

పదో పుస్తకం వదిలేసి సారాంశం చదివితే పోదా?

'క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్' అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తిన్న పుస్తకం. తొమ్మిదో పుస్తకం చివర్లో ఒక మహా ఘటన జరుగుతుంది. అదే సమయంలో మిగతావాళ్లు ఎక్కడున్నారు, దూరం నుంచి దాన్ని ఎలా పసిగట్టారు అన్నదే ఇందులో చాలా భాగం. వదిలేయమని చెప్పలేను, అన్ని పేజీలూ శ్రద్ధగా చదవమనీ అనను. మాట్, ఎగ్వేన్ భాగాలు పూర్తిగా చదవండి. పెరిన్, ఎలేన్ భాగాల్లో వర్ణనలు గబగబా చూసుకుంటూ వెళ్లండి. చివరి అధ్యాయం మాత్రం ఒక్క మాట వదలొద్దు.

మధ్యలో ఆరు నెలలు ఆపేశాను. మళ్లీ మొదటి నుంచి చదవాలా?

అక్కర్లేదు. ఆపిన పుస్తకంలో చివరి మూడు అధ్యాయాలు మళ్లీ చదవండి, దానికి ముందటి పుస్తకం ముగింపు ఇంకోసారి చూడండి. మొదటికి వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ అదే చోట ఆగిపోయారు. నోటుపుస్తకం రాసుకుని ఉంటే ఈ కష్టమే ఉండదు.

చదవలేకపోతున్నాను. ఆడియో వింటే చదివినట్టేనా?

చదివినట్టే. మైఖేల్ క్రామర్, కేట్ రీడింగ్ అనే భార్యాభర్తలు మొత్తం సిరీస్ చదివారు. మగ పాత్రల వైపు నుంచి నడిచే భాగాలు ఆయన, ఆడ పాత్రలవి ఆమె. అన్నీ కలిపి 450 గంటలకు పైనే. ఏడు నుంచి పది దాకా ఆడియో, మిగతావి కాగితం మీద చదవడం చాలామందికి కుదిరిన దారి. వంట చేస్తూ, బస్సులో వింటూ ఉంటే దర్బారు మంతనాలు అంత బరువుగా అనిపించవు.

## పదకొండు నుంచి చివరిదాకా

అసలు రచయిత చనిపోయాక వేరేవాళ్లు రాశారట. అలాంటిది చదవడం ఎందుకు?

ఈ ప్రశ్న తెలుగువాళ్లు అడిగితే నాకు ఆశ్చర్యం. మన భారతం ఎవరు రాశారు? నన్నయ రెండు పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూరించాడు, అదీ నన్నయ పేరు మీదే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా. ముగ్గురినీ కలిపి కవిత్రయం అన్నాం గానీ ఒకరిది కాదని తోసేయలేదు.

జోర్డాన్ అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ జూనియర్. వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన చార్లెస్టన్ మనిషి. పదకొండోది 'నైఫ్ ఆఫ్ డ్రీమ్స్' ఆయన పూర్తిచేసిన చివరి సంపుటం. గుండెని గట్టిపరిచే అమిలాయిడోసిస్ అనే అరుదైన జబ్బుతో 2007 సెప్టెంబర్ 16న చనిపోయారు. పోయేముందు మిగిలిన కథని ఇంట్లోవాళ్లకి చెప్పి, కొన్ని దృశ్యాలు రాసి, కొన్ని చెప్పి రాయించి వెళ్లారు. ఆయన భార్య హ్యారియెట్ మెక్‌డూగల్ ఈ పుస్తకాలకి మొదటి నుంచీ ఎడిటర్. ఆవిడే బ్రాండన్ శాండర్సన్‌ని ఎంచుకున్నారు. ఒక్క పుస్తకం అనుకున్నది మూడయింది: 2009లో 'ది గేదరింగ్ స్టార్మ్', 2010లో 'టవర్స్ ఆఫ్ మిడ్‌నైట్', 2013లో 'ఎ మెమరీ ఆఫ్ లైట్'.

చేయి మారినట్టు తెలుస్తుంది. వాక్యాలు పొట్టివవుతాయి, వర్ణన తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. కానీ ఎవరి కథ ఎక్కడ తేలాలో అక్కడే తేలింది. చేయి మారిందని పదకొండో పుస్తకం దగ్గర ఆపేసినవాళ్లని చూస్తే, ఊరి పొలిమేర దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్లని చూసినట్టే ఉంటుంది నాకు.

పన్నెండో పుస్తకంలో మాట్ వేరే మనిషిలా ఉన్నాడేం?

మీకొక్కరికే కాదు, అందరికీ అలాగే అనిపించింది. మాట్ హాస్యం తను హాస్యమాడుతున్నానని తనకే తెలియకపోవడంలో ఉంటుంది. ఈ పుస్తకంలో అతను తెలిసి జోకులు వేస్తాడు. మాట్ తనకి సరిగ్గా పట్టుబడలేదని శాండర్సనే తర్వాత ఒప్పుకున్నాడు. పదమూడు, పద్నాలుగుల్లో చాలావరకు కుదుటపడతాడు.

చివరి పుస్తకం ఎలా చదివితే బావుంటుంది?

'ది లాస్ట్ బ్యాటిల్' అనే 37వ అధ్యాయం ఒక్కటే సుమారు 79 వేల మాటలు, అంటే మామూలు నవల అంత. దాన్ని పనిరోజు రాత్రి మొదలుపెట్టకండి. శనివారం పొద్దున్నే ఇంట్లోవాళ్లకి చెప్పి కూర్చోండి, ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. మధ్యలో ఆపితే ఎవరు ఏ కొండ మీద ఉన్నారో మర్చిపోతారు. నేను ఉదయం ఏడుకి మొదలుపెట్టాను. మధ్యాహ్నం అన్నం ప్లేటు పక్కనే ఉండిపోయింది, పప్పు మీద నెయ్యి గడ్డకట్టింది. చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. పదమూడు పుస్తకాల పాటు కలిసి నడిచినవాళ్లు అందులో ఉంటారు.

మరి ముగింపైనా జోర్డాన్ రాసిందేనా?

అవును, చివరి దృశ్యం ఆయనదే, చనిపోకముందే రాసి పెట్టుకున్నారు. శాండర్సన్ ఆ దృశ్యం చేరేలా మిగతాదంతా నడిపించాడు.

## అయిపోయాక

పూర్తయ్యాక ఏ పుస్తకం పట్టుకోబుద్ధి కావట్లేదు. ఇది మామూలేనా?

మామూలే. ఏడాది రెండేళ్లు రోజూ కలిసినవాళ్లు ఒక్కసారిగా మాయమైతే అలాగే ఉంటుంది. వెంటనే ఇంకో పెద్ద సిరీస్ ఎత్తుకోకండి, దాన్ని అన్యాయంగా దీనితో పోలుస్తారు. నేను నెలరోజులు చిన్న కథలు మాత్రమే చదివాను. ఆ లోకాన్ని ఇంకా వదలలేకపోతే 2015లో వచ్చిన 'కంపానియన్' ఉంది. జోర్డాన్ రాసుకున్న నోట్స్‌లోని సంగతులు చాలా అందులో ఉన్నాయి.

చివరి పేజీల్లో ఒక చిన్న వింతకి వివరణ లేదు. నేనేమైనా వదిలేశానా?

వదిలేయలేదు. వివరణ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ దృశ్యం జోర్డాన్ రాసిందే, అలాగే వదిలారు.

రెండోసారి చదవడం వల్ల కొత్తగా ఏం దొరుకుతుంది?

మొదటి పుస్తకంలో ప్రయాణం బేర్లన్ అనే ఊళ్లో ఒక సత్రం దగ్గర ఆగుతుంది. అక్కడ మిన్ అనే అమ్మాయి రాండ్‌తో మాట్లాడుతూ, అతని చుట్టూ, అతని స్నేహితుల చుట్టూ తనకి కనపడే బొమ్మల్ని ఒక్కోటీ చెబుతుంది. అంతా కలిపి పేజీన్నర. మొదటిసారి అది అర్థం కాక దాటిపోతాం. రెండోసారి ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడు పెన్సిల్ తీసుకుని, ఒక్కో బొమ్మ పక్కన అది ఏ పుస్తకంలో నిజమైందో అంకె వేశాను. మొదటి బొమ్మ పక్కన 3 అని రాసి మొదలుపెడితే, ఆఖరి దాని పక్కన 14 పడింది.